గెట్ అంటే ‘పొందు’ అని ఎవరు చెప్పారు?

ముందు మీ ప్రశ్నని క్లుప్తంగా ఇక్కడ పెడతాను, చదివే మిగతావాళ్ళకి కూడా అందుతుంది. చిన్నప్పుడు బడిలో గెట్ అంటే ‘పొందు’ అని నేర్చుకున్నారు. ఇప్పుడు ఒక ఇంగ్లీష్ సీరియల్ చూస్తుంటే ప్రతి రెండో డైలాగ్‌లో ఆ మాటే వినిపిస్తోంది గానీ ఒక్కచోట కూడా ‘పొందు’ అతకడం లేదు. ముఖ్యంగా మూడు వాక్యాలు మీకు కొరుకుడు పడలేదు: “ఐ డోంట్ గెట్ ఇట్”, “హి గాట్ ఫైర్డ్”, ఇంకా చివర్లో ఏడుస్తున్న స్నేహితురాలి పక్కన కూర్చుని హీరోయిన్ అన్న “యూ గాట్ మీ”. ఈ మాటకి మొత్తం ఎన్ని అర్థాలున్నాయో, వాటిని ఎలా బట్టీ పట్టాలో చెప్పమన్నారు.

బట్టీ పట్టకండి. 20 ఏళ్ళకు పైగా అనువాదాలు చేస్తూ, మధ్యమధ్యలో ఉద్యోగస్తులకి ఇంగ్లీష్ చెబుతూ వచ్చినవాణ్ణి. గెట్ అర్థాల పట్టిక రాసుకుని గోడకి అంటించుకున్నవాళ్ళు బోలెడుమంది తెలుసు. వాళ్ళలో ఎవరికీ ఆ పట్టిక మాట్లాడేటప్పుడు గుర్తురాలేదు.

అసలు చిక్కంతా ఆ ‘పొందు’ తోనే. మీరే చెప్పండి, మాట్లాడేటప్పుడు ఎప్పుడైనా ‘పొందు’ అన్నారా? “నిన్న నేను ఒక ఉత్తరం పొందాను” అని ఎవరైనా అంటే మనం వాళ్ళ వంక అదోలా చూస్తాం. “ఉత్తరం వచ్చింది” అంటాం. ఉద్యోగం వచ్చింది, ఫోన్ వచ్చింది, జీతం వచ్చింది, కోపం వచ్చింది, డౌట్ వచ్చింది. రోజుకి వందసార్లు వాడే ఇంగ్లీష్ మాటకి, మనం ఏడాదికి ఒకసారి కూడా వాడని తెలుగు మాటని అర్థంగా కట్టబెట్టారు. నన్నడిగితే గెట్‌కి దగ్గరి చుట్టం ‘పొందు’ కాదు, ‘వచ్చు’.

ఎందుకో చెబుతాను. గెట్‌లో ఉన్న అసలు సంగతి మార్పు. ఇంతకుముందు లేదు, ఇప్పుడు ఉంది. ఇంతకుముందు ఇలా లేను, ఇప్పుడు ఇలా అయ్యాను. ఇంతకుముందు అక్కడున్నాను, ఇప్పుడు ఇక్కడికి చేరాను. హ్యావ్ అంటే ‘ఉంది’, గెట్ అంటే ఆ ఉండే స్థితికి చేర్చిన అడుగు. “ఐ హ్యావ్ ఎ జాబ్” అంటే నాకు ఉద్యోగం ఉంది. “ఐ గాట్ ఎ జాబ్” అంటే వచ్చింది. బి (యామ్, ఈజ్, ఆర్) తో కూడా ఇదే వరస. “ఐ యామ్ మ్యారీడ్” అంటే నాకు పెళ్ళయింది, నేను పెళ్ళయినవాణ్ణి, అంతే. “ఐ గాట్ మ్యారీడ్” అంటే పెళ్ళి చేసుకున్నాను, అది జరిగిన రోజు గురించి చెబుతున్నాను. అందుకే “నీ పెళ్ళి ఎప్పుడైంది?” అని అడగాలంటే “వెన్ డిడ్ యూ గెట్ మ్యారీడ్?” అనాలి. “వెన్ ఆర్ యూ మ్యారీడ్?” అంటే ఎదుటివాళ్ళు ఒక్క క్షణం బిక్కమొహం వేస్తారు: మీరెప్పుడెప్పుడు పెళ్ళయిన మనిషిగా ఉంటారు అన్నట్టుంటుంది.

ఇప్పుడు ఆ మార్పు ఏ రకందో ఎలా తెలుస్తుంది? గెట్ వంక చూడకండి, దాని వెనక వచ్చే మాట వంక చూడండి. గెట్ నీళ్ళలాంటిది, ఏ గిన్నెలో పోస్తే ఆ ఆకారం. వెనక ఒక వస్తువు పేరు వస్తే అది రావడమో, దొరకడమో, తేవడమో. వెనక గుణం చెప్పే మాట వస్తే అలా మారడం. చోటు చెప్పే మాట వస్తే అక్కడికి చేరడం. ఈ తేడా పట్టించుకోకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. తన కొడుకు డాక్టర్ అయ్యాడని గర్వంగా చెప్పబోయి నా దగ్గరికొచ్చే పెద్దాయన ఒకరు “మై సన్ గాట్ ఎ డాక్టర్” అన్నారు. విన్న అతిథి కంగారుపడి “ఈజ్ ఎవ్రీథింగ్ ఆల్‌రైట్?” అన్నాడు. ఆ అతిథికి వినిపించింది “మా అబ్బాయి డాక్టర్ని పిలుచుకొచ్చాడు” అని. డాక్టర్ వస్తువు పేరు వరసలోది, గుణం కాదు. అక్కడ బికమ్ తప్ప వేరే దారి లేదు. రిచ్ గుణం కాబట్టి “గాట్ రిచ్” సరిపోతుంది. ఓల్డ్, టైర్డ్, డార్క్, కోల్డ్, బెటర్ అన్నీ అలాగే.

తెలుగువాళ్ళు ఎక్కువగా బోల్తా కొట్టేది కూడా సరిగ్గా ఇక్కడే. కొంచెం ఆగి చూద్దాం, ఇది ఒక్కటి పట్టుబడితే సగం తప్పులు పోతాయి. మనకి భావాలన్నీ వస్తువుల్లా బయటినుంచి వచ్చిపడతాయి. కోపం వస్తుంది, నిద్ర వస్తుంది, విసుగు వస్తుంది, భయం వేస్తుంది. కోపం, నిద్ర, విసుగు, భయం ఇవన్నీ పేర్లు. దాంతో మనవాళ్ళు “ఐ యామ్ గెట్టింగ్ యాంగర్”, “ఐ యామ్ గెట్టింగ్ స్లీప్” అనేస్తారు. ఇంగ్లీష్‌లో కోపం నా దగ్గరికి రాదు, నేనే కోపిష్టిగా మారతాను. అంటే పేరు తీసేసి గుణం పెట్టాలి: యాంగర్ కాదు యాంగ్రీ, స్లీప్ కాదు స్లీపీ, హంగర్ కాదు హంగ్రీ, బోర్ కాదు బోర్డ్. “ఐ యామ్ గెట్టింగ్ స్లీపీ.” “గెట్టింగ్ స్లీప్” అనే మాట ఇంగ్లీష్‌లో లేకపోలేదు, కానీ దానికర్థం వేరు. “ఐ యామ్ నాట్ గెట్టింగ్ ఇనఫ్ స్లీప్” అంటే నిద్ర చాలడం లేదు. అక్కడ నిద్ర నిజంగానే దక్కాల్సిన సరుకు.

జబ్బుల దగ్గర మాత్రం మన ‘వచ్చు’ చక్కగా కుదురుతుంది. జ్వరం వచ్చింది, “ఐ గాట్ ఎ ఫీవర్”. తలనొప్పి వచ్చింది, “ఐ గాట్ ఎ హెడేక్”. ఆ ‘ఎ’ మాత్రం మరిచిపోకండి. అలాగని ప్రతి ‘వచ్చు’నీ గెట్ చేసేయకండి. “నాకు ఈత వచ్చు”లో ఉన్నది మార్పు కాదు, తెలియడం. దాన్ని గెట్ ముట్టుకోదు. ఇక డౌట్ సంగతి. “ఐ గాట్ ఎ డౌట్” అని క్లాసులో మనం చెయ్యెత్తుతాం, మనలో మనకి ఇబ్బంది లేదు. బయటివాళ్ళ చెవికి డౌట్ అంటే అనుమానం, నమ్మకం లేకపోవడం. “మీరు చెప్పేది నిజమో కాదో” అన్నట్టు వినపడుతుంది. “ఐ హ్యావ్ ఎ క్వశ్చన్” అనండి, గొడవ వదిలిపోతుంది.

‘వచ్చు’ ఒక చెయ్యి అయితే గెట్‌కి రెండో చెయ్యి మన ‘పోవు’. తడిసిపోయాను, అలసిపోయాను, ఇరుక్కుపోయాను, తప్పిపోయాను, మోసపోయాను, దొరికిపోయాను. వీటి చివర ఉన్న ‘పోయాను’కి వెళ్ళడంతో సంబంధం ఏమైనా ఉందా? లేదు. నా చేతిలో లేకుండా, నా మీదకి ఏదో జరిగి, నేను వేరే స్థితిలో పడ్డానని చెప్పడానికే ఆ ‘పో’. ఇప్పుడు వరసగా ఇంగ్లీష్‌లో చూడండి: గాట్ వెట్, గాట్ టైర్డ్, గాట్ స్టక్, గాట్ లాస్ట్, గాట్ చీటెడ్, గాట్ కాట్. ఎక్కడ మనం ‘పో’ పెడతామో అక్కడ వాళ్ళు గెట్ పెట్టారు. మనకి రావడం ఒకటి, పోవడం ఒకటి. వాళ్ళు రెండింటికీ ఒకే మాటతో సంసారం లాగిస్తున్నారు.

దీంతో మీ రెండో వాక్యం విడిపోతుంది. “హి వాజ్ ఫైర్డ్” అంటే అతన్ని ఉద్యోగం నుంచి తొలగించారు. “హి గాట్ ఫైర్డ్” అంటే వాడి ఉద్యోగం ఊడింది. జరిగింది ఒకటే, గొంతు వేరు. మొదటిది నోటీసు బోర్డు మీద ఉంటుంది, రెండోది క్యాంటీన్‌లో ఉంటుంది. గెట్‌తో చెప్పినప్పుడు ఆ మనిషికి ఏం జరిగిందన్న దాని మీద ధ్యాస ఉంటుంది, ఒక్కోసారి “వాడే తెచ్చుకున్నాడు” అన్న ధ్వని కూడా వినపడుతుంది. చెడు జరిగినప్పుడు ఈ వాడుక ఎక్కువ, మంచి జరిగినా వాడతారు: గాట్ ప్రమోటెడ్, గాట్ సెలెక్టెడ్, గాట్ పెయిడ్. మన తెలుగులో కూడా ‘తొలగించబడ్డాడు’, ‘కొట్టబడ్డాడు’ లాంటివి పుస్తకాల్లోనే. మాటల్లో దెబ్బలు తింటాం, చివాట్లు తింటాం, తిట్లు పడతాం. “ఐ గాట్ స్కోల్డెడ్”కి “చివాట్లు తిన్నాను” కన్నా మంచి అనువాదం నాకింతవరకు తగల్లేదు.

ఇక్కడ ఒక గొయ్యి ఉంది. ‘పో’ కనిపించిన ప్రతిచోటా గాట్ తగిలించకూడదు. పరీక్ష పోయింది, “ఐ గాట్ ఫెయిల్డ్” అంటారు మనవాళ్ళు. ఫెయిల్ అవడం మనమే చేసే పని, ఇంకొకరు మనకి చేసేది కాదు. కాబట్టి “ఐ ఫెయిల్డ్”, అంతే. “ఇట్ గాట్ హ్యాపెన్డ్” కూడా ఇంతే, “ఇట్ హ్యాపెన్డ్” చాలు. ఇంకొకరు చేయగల పని అయితేనే గాట్. ఫైర్ చేయగలరు, పట్టుకోగలరు, మోసం చేయగలరు. ‘హ్యాపెన్’ని ఎవరూ ఎవరికీ చేయలేరు.

చోటు చేరడం గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. “గాట్ హోమ్”, “గాట్ టు ద స్టేషన్”. హోమ్ ముందు టు ఉండదు. బస్సు, రైలు, విమానం లాంటివి ఎక్కితే గెట్ ఆన్, దిగితే గెట్ ఆఫ్. కారు లాంటి చిన్న బండి అయితే గెట్ ఇన్, గెట్ అవుట్. మనం దిగడానికి డౌన్ వాడతాం, “గెట్ డౌన్ హియర్” అంటాం. నిచ్చెన మీంచో చెట్టు మీంచో దిగితే అది సరైనదే, బస్సుకి మాత్రం ఆఫ్.

ఇప్పుడు తేవడం. “గెట్ మీ సమ్ వాటర్” అంటే కాసిని నీళ్ళు తెచ్చిపెట్టు. తలుపు కొట్టిన చప్పుడైనా, ఫోన్ మోగినా “ఐ విల్ గెట్ ఇట్” అంటే “ఉండు, నేను చూస్తా”. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఒక ముక్క: 1991లో వెబ్ తొలి రూపంలో, అంటే బ్రౌజర్, సర్వర్ మాట్లాడుకునే పద్ధతి అయిన హెచ్‌టీటీపీ మొదటి రూపంలో, ఉన్న ఆజ్ఞ ఒకే ఒక్కటి. అది గెట్. ఫలానా పేజీ తెచ్చిపెట్టు అని అర్థం. ఈ పేజీ మీ ముందుకు రావడానికి కూడా తెరవెనక ఆ మాటే పనిచేసింది.

చేయించడం దగ్గరికి వద్దాం. తెలుగులో ‘ఇంచు’ అనే చిన్న ముక్క ఎంత పని చేస్తుందో మనం గమనించం. చేశాను, చేయించాను. రాశాను, రాయించాను. ఇంగ్లీష్‌లో క్రియకి అలాంటి తోక లేదు, ఆ పని గెట్ చేస్తుంది. “ఐ గాట్ మై బైక్ రిపేర్డ్” అంటే బైక్ బాగుచేయించాను. మనవాళ్ళు “ఐ రిపేర్డ్ మై బైక్” అనేస్తారు. వినేవాడు “అబ్బో, మెకానిక్ పని కూడా వచ్చన్నమాట” అనుకుంటాడు. “ఐ కట్ మై హెయిర్” అన్నా అంతే, అద్దం ముందు కత్తెర పట్టుకుని నిలబడ్డట్టు ఊహించుకుంటాడు. “ఐ గాట్ మై హెయిర్ కట్” అనాలి. మాటల వరస చూడండి: గెట్, వస్తువు, ఆ తర్వాత పని జరిగిన రూపం. ఈ వరస తప్పితే అర్థం తిరగబడుతుంది. “ఐ హ్యాడ్ కట్ మై హెయిర్” అన్నారంటే మళ్ళీ కత్తెర మీ చేతికే వచ్చింది.

మనిషి చేత చేయిస్తే మధ్యలో టు వస్తుంది. “ఐ గాట్ హిమ్ టు సైన్.” ఇందులో కాస్త బతిమాలడమో, ఒప్పించడమో, ఉపాయమో ఉంటుంది, ఊరికే అయిపోలేదని. “ఐ మేడ్ హిమ్ సైన్” అంటే మెడలు వంచి పెట్టించాను. “ఐ హ్యాడ్ హిమ్ సైన్” అంటే పురమాయించాను, పెట్టాడు, అందులో విశేషమేమీ లేదు. తెలుగులో ఈ మూడింటికీ ‘సంతకం పెట్టించాను’ ఒక్కటే. కాబట్టి ఇంగ్లీష్ నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు గెట్ ఉంటే ‘ఎలాగోలా ఒప్పించి’ అన్న రెండు మాటలు అదనంగా పడాలి. కొత్త అనువాదకులు ఎక్కువగా జారవిడిచేది దీన్నే.

గెట్ వెనక నేరుగా టు, ఆ వెనక క్రియ వస్తే ఇంకో కథ. “ఐ గాట్ టు మీట్ హర్” అంటే ఆమెని కలిసే అవకాశం దక్కింది. “ఐ హ్యావ్ గాట్ టు మీట్ హర్” అంటే ఆమెని కలిసి తీరాలి. మధ్యలో హ్యావ్ ఉందా లేదా అన్నదాని మీద అదృష్టం కాస్తా బాధ్యత అయిపోతుంది. మాట్లాడేటప్పుడు హ్యావ్‌ని దాదాపు మింగేస్తారు, ‘గాటా’ అని వినపడుతుంది, అందుకే తికమక.

దీని మీద నాకు మరిచిపోలేని ఒక మెయిల్ ఉంది. నా దగ్గర ఇంగ్లీష్ నేర్చుకునే ఒక అమ్మాయి, మీటింగ్ మధ్యలో వెళ్ళిపోయినందుకు సంజాయిషీ రాస్తూ “సారీ, ఎస్టర్‌డే ఐ గాట్ టు లీవ్ ఎర్లీ” అని రాసింది. పంపే ముందు నాకు చూపించబట్టి సరిపోయింది. తను రాద్దామనుకున్నది “తొందరగా వెళ్ళాల్సి వచ్చింది” అని. కాగితం మీద ఉన్నది మాత్రం “అబ్బ, నిన్న తొందరగా వెళ్ళే భాగ్యం కలిగింది” అని. క్షమాపణ కింద రాసిన వాక్యం ఎగతాళిలా తయారైంది. ఎక్కడ జారింది? ‘వెళ్ళాల్సి వచ్చింది’లో మళ్ళీ మన ‘వచ్చింది’ ఉంది చూశారా, దాన్ని పట్టుకుని గాట్ పెట్టేసింది. ‘హ్యావ్ గాట్ టు’ని నిన్నటి సంగతికి వాడలేం. జరిగిపోయినదానికి ‘హ్యాడ్ టు’ ఒక్కటే: “ఐ హ్యాడ్ టు లీవ్ ఎర్లీ.”

హ్యావ్ గాట్ మాట వచ్చింది కాబట్టి, బ్రిటన్ వాళ్ళు ఊరికే ‘ఉంది’ అనడానికి కూడా “ఐ హ్యావ్ గాట్ ఎ పెన్” అంటారు. వచ్చింది కాబట్టి ఉంది, అన్న లెక్క. మాట్లాడేటప్పుడు హ్యావ్ రాలిపోయి గాట్ ఒక్కటే మిగలడం కూడా మామూలే. 1993లో కాలిఫోర్నియా పాల ప్రాసెసింగ్ సంస్థల బోర్డు మొదలుపెట్టిన “గాట్ మిల్క్?” ప్రకటన రెండు మాటలే, అర్థం ‘ఇంట్లో పాలున్నాయా?’ అని. అందులో గతం ఏమీ లేదు.

అమెరికా వాళ్ళు గాటెన్ అని కూడా అంటారు. అది తప్పు కాదు, కొత్తదీ కాదు. ఇంగ్లీష్‌లో ఎప్పటినుంచో ఉన్న రూపమే అమెరికాలో బతికింది, బ్రిటన్‌లో ‘ఇల్ గాటెన్’ (అక్రమంగా సంపాదించిన) లాంటి ఒకటి రెండు మాటల్లో తప్ప వాడుక తగ్గిపోయింది. అమెరికన్లకి దీనివల్ల ఒక సౌకర్యం ఉంది: “ఐ హ్యావ్ గాట్” అంటే ఉంది, “ఐ హ్యావ్ గాటెన్” అంటే సంపాదించాను లేదా అలా మారాను. మీరు ఏది వాడినా పర్వాలేదు గానీ, ఒకే ఉత్తరంలో రెండూ కలపకండి.

మీ మొదటి వాక్యం మిగిలింది: “ఐ డోంట్ గెట్ ఇట్.” అర్థం కావడానికీ గెట్‌కీ ఏం సంబంధం అనిపించడం సహజం. దీనికి కాస్త చరిత్రలోకి వెళ్ళాలి, నాకు ఇష్టమైన భాగం కూడా ఇదే. గెట్ ఇంగ్లండ్‌లో పుట్టిన మాట కాదు. వైకింగులు, అంటే స్కాండినేవియా నుంచి ఓడల మీద దాడికొచ్చినవాళ్ళు తెచ్చింది. 793లో లిండిస్‌ఫార్న్ మఠం మీద దాడితో మొదలుపెట్టి వాళ్ళు తర్వాతి శతాబ్దాల్లో ఇంగ్లండ్ ఉత్తర, తూర్పు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. వాళ్ళ పాత నోర్స్ భాషలో ‘గెటా’ అంటే చేజిక్కించుకోవడం. ఎగ్, స్కై, విండో, టేక్, ఆఖరికి ‘దే’ కూడా వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవే. పాత ఇంగ్లీష్‌లో ఈ మాటకి తోబుట్టువు ఒకటి ఉండేది గానీ ఒంటరిగా తిరిగేది కాదు, వేరే మాటలకి అతుక్కుని ఉండేది. అలా మిగిలినదే ఫర్‌గెట్. పట్టు జారిపోవడం, అంటే మరిచిపోవడం.

గెట్ మూలాన్ని ఇంకా వెనక్కి తీసుకెళితే ‘పట్టుకొను’ అనే అర్థమున్న పురాతన ధాతువు ఒకటి తగులుతుంది. లాటిన్ వైపు అదే ధాతువు కాంప్రిహెండ్‌కి కూడా పునాది అని భాషావేత్తలు చెబుతారు. అంటే క్యాంటీన్‌లో అనే గెట్, పరీక్ష పేపర్లో రాసే కాంప్రిహెండ్ దూరపు బంధువులే. మనవైపు చూస్తే గ్రహించడంలో ఉన్న సంస్కృత ‘గ్రహ్’ వేరే ధాతువే, కానీ దాని అర్థం కూడా పట్టుకోవడమే. పాణిగ్రహణంలో చెయ్యి పట్టుకుంటాం, పాఠం గ్రహించినప్పుడు విషయాన్ని పట్టుకుంటాం. అచ్చ తెలుగులో కిటుకు పట్టేస్తాం, లేదంటే అంతు పట్టదు. “ఐ డోంట్ గెట్ ఇట్” అంటే సరిగ్గా అదే, అంతు పట్టడం లేదు. “గాట్ ఇట్” అంటే పట్టేశా. ఒక్క జాగ్రత్త, ఆ ‘ఇట్’ తీసేయకండి. “ఐ యామ్ నాట్ గెట్టింగ్” అని మనం వదిలేస్తే వాళ్ళు “నాట్ గెట్టింగ్ వాట్?” అని ఎదురుచూస్తూ ఉంటారు.

ఇక చిన్న చిన్న తోకలు తగిలించుకున్న గెట్‌లు. వీటిని పట్టికల్లో చదివితే తల తిరుగుతుంది. ఒక్కోదానికీ మనం నిజంగా అనే తెలుగు మాట వెతుక్కుంటే నిలబడతాయి. “వీ ఆర్ గెట్టింగ్ బై” అంటే ఏదోలా నెట్టుకొస్తున్నాం. “దే డోంట్ గెట్ అలాంగ్” అంటే వాళ్ళిద్దరికీ పొసగదు. “వాట్ ఆర్ యూ గెట్టింగ్ ఎట్?” అంటే ఇంతకీ ఏమంటావ్ అని, కొంచెం చిరాకుతో. “హి గాట్ అవే విత్ ఇట్” అంటే తప్పు చేసి కూడా తప్పించుకున్నాడు. “ఐ నెవర్ గాట్ అరౌండ్ టు ఇట్” అంటే చేద్దామనుకుంటూనే ఉన్నాను, తీరిక చిక్కలేదు. “గెట్ ఓవర్ ఇట్” అంటే దాన్నుంచి తేరుకో. అనారోగ్యం గురించి, దుఃఖం గురించి ప్రేమగా కూడా అనవచ్చు, “ఇక చాల్లే, ఎంతకాలం పట్టుకు వేలాడతావ్” అని కసురుతూ కూడా అనవచ్చు. గొంతు వింటే గానీ తేలదు. ఎవరైనా ఆత్మీయుల్ని పోగొట్టుకున్నవాళ్ళతో మాత్రం ఈ మాట అనకండి, ఎంత మంచి మనసుతో అన్నా కసిరినట్టే తగులుతుంది.

అన్నట్టు, అర్థాల లెక్క అడిగారు కదా. ఎక్కువ అర్థాలున్న మాటల్లో గెట్ మొదటి స్థానంలో లేదు. ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు 1989 కూర్పులో సెట్ అనే మాటకి 430 అర్థాలు లెక్కగట్టారు. అవన్నీ తెలిసిన ఇంగ్లీష్‌వాడు కూడా ఉండడు. కాబట్టి లెక్క గురించి టెన్షన్ పడకండి.

గెట్ వాడకూడదని, అది మొరటు మాట అని చెప్పే మాస్టార్లు పాత తరంలో చాలామంది ఉండేవారు. సగం నిజం. కోర్టు కాగితంలో, పరిశోధన వ్యాసంలో, పై అధికారికి రాసే దరఖాస్తులో గెట్ తగ్గించి ఒబ్టైన్, రిసీవ్, బికమ్ వాడటం మర్యాద. కానీ ఆ సలహాని మరీ ఒంటబట్టించుకుని, స్నేహితుడికి మెసేజ్ పెడుతూ “ఐ రిసీవ్డ్ యువర్ జోక్ అండ్ బికేమ్ హ్యాపీ” అని రాసేవాళ్ళని చూశాను. అది “తమరి హాస్యోక్తి అందినది, సంతసించితిని” అన్నట్టుంటుంది. మామూలు ఆఫీస్ మెయిల్‌లో “ఐ విల్ గెట్ బ్యాక్ టు యూ” నిక్షేపంలా రాయొచ్చు. కనుక్కుని మళ్ళీ చెబుతాను అని.

మీరు చేయాల్సిందల్లా ఒకటి. గెట్ తగిలినప్పుడల్లా వాక్యం ఆపి, “ఇదే సంగతి నేను ఇంట్లో ఎలా అంటాను?” అని మిమ్మల్ని మీరే అడగండి. ఇలాంటి పేరా ఒకటి రాసుకుని చూడండి: “ఐ గాట్ అప్ లేట్, గాట్ డ్రెస్డ్ ఇన్ ఎ హర్రీ, గాట్ ఆన్ ద రాంగ్ ట్రైన్, గాట్ ఎ కాల్ ఫ్రమ్ మై బాస్, గాట్ యెల్డ్ ఎట్, అండ్ గాట్ హోమ్ ఎట్ టెన్.” తెలుగులో అయితే: ఆలస్యంగా లేచాను, హడావుడిగా తయారయ్యాను, తప్పు రైలెక్కాను, బాస్ దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, చివాట్లు తిన్నాను, పదింటికి ఇల్లు చేరాను. ఆరు గెట్‌లు, ఆరు వేరు వేరు తెలుగు క్రియలు, ‘పొందు’ ఒక్కటీ లేదు.

ఇక ఆ మూడోది, “యూ గాట్ మీ”. దీనికి మాత్రం సందర్భం లేకుండా జవాబు చెప్పలేం. ఎవరైనా చిక్కు ప్రశ్న వేస్తే చేతులెత్తేస్తూ “యూ గాట్ మీ” అంటే ‘నాకేం తెలుసు’ అని. దాగుడుమూతల్లోనో, అబద్ధం బయటపడ్డప్పుడో అంటే ‘దొరికిపోయాను’. మీరు చెప్పిన సీన్‌లో ఆమె స్నేహితురాలు ఏడుస్తోంది, తనకెవరూ లేరని అంతకుముందే అంది. హీరోయిన్ నిజానికి అన్నది “యూ హ్యావ్ గాట్ మీ”, ఆ హ్యావ్ గొంతులోనే ఉండిపోయింది. కాబట్టి అక్కడ దాని తెలుగు: “నీకు నేనున్నాగా.”